ఇ.సి.ఐ.ఎల్. పుట్టుపూర్వోత్తరములు – అయ్యగారి సాంబశివరావుగారి సంస్మరణము

భాగ్యనగరమునకు ఉత్తరమున, అల్వాలు మొదలుకొని బొల్లారము, యాప్రాలు, సైనికపురి, కాప్రాల మీదుగా కుషాయిగూడ వరకు నేడు ఇండ్లు ఇండ్లతో ఒరసికొనుచు సాగిపోవు ఈ ప్రదేశము, ఏబది యేండ్లకు పైబడిన కాలము క్రిందట రాతిగుట్టలకును, తాటితోపులకును, చెరువుల క్రింది మళ్లకును మాత్రమే ప్రసిద్ధమై యుండెను. అట్టి నేలమీద, 1967వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన, భారత ప్రభుత్వ అణుశక్తి శాఖవారి యాజమాన్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అను సంస్థ స్థాపితమైనది. లోథుకుంట మూలన నిలిచి ఆటోవాడు వేయు కేకలోను, బస్సు నుదుటి బోర్డుమీదను ఇ.సి.ఐ.ఎల్. అన్న పేరు ఒక ఊరిపేరై పోయినది. సంస్థ కట్టడములను గూర్చియు, ఉత్పత్తులను గూర్చియు, లాభనష్టములను గూర్చియు వ్రాయువారు పెక్కురుందురు. దానికి ప్రాణము పోసిన మహనీయుని గూర్చియు, ఆయన తీర్చిదిద్దిన మనుష్యులను గూర్చియు నాలుగు మాటలు చెప్పుట, దాని నీడను బ్రతికిన మా అల్వాలువారి విధియని యెంచి నేనీ వ్యాసమునకు పూనుకొంటిని.

ఆ మహనీయుడు అయ్యగారి సాంబశివరావుగారు, లోకము ఎ.ఎస్. రావు అని వ్యవహరించినది ఆయననే.

విజ్ఞానశాస్త్ర చరిత్రలో మన ప్రాంతమునకు అంతకుముందే ఒక స్థానము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, మనకు కూతవేటు దూరముననున్న బేగంపేటలో, సైనికవైద్యుడైన రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి చూచి, అందు మలేరియా క్రిమి పెరుగుచుండుటను కనిపెట్టి, అయిదేండ్లకు నోబెల్ బహుమానమును పొందెను. ఆయన సూక్ష్మదర్శిని మరలు నుదుటి చెమట కారి త్రుప్పు పట్టినవనియు, మిగిలియున్న కటకమొక్కటియు బీటలు వారినదనియు ఆయనయే వ్రాసికొనెను. కటకము పగిలినచో క్రొత్తది సీమనుండి ఓడమీద రావలసినదే. వచ్చువరకు పరిశోధకుడు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. పరిశోధకుని బుద్ధి ఎంత నిశితమైనను, వాని చేతి పనిముట్టు పరదేశమునుండి రావలసినంత కాలము ఆ పరిశోధన పరాధీనమే యగుచుండును. రాస్ ప్రయోగము జరిగిన డెబ్బది యేండ్లకు, ఆ నగరపు శివారుననే, పరిశోధనకు కావలసిన పరికరములను స్వదేశమున, స్వదేశీయుల చేత, స్వబుద్ధితో నిర్మింపజేయు సంస్థను నెలకొల్పిన ఘనత సాంబశివరావుగారిది.

రావుగారు 1914వ సంవత్సరమున, నేటి పశ్చిమగోదావరి జిల్లా పాలకోడేరు మండలమునకు చేరిన మొగల్లు గ్రామమున జన్మించిరి. అల్లూరి సీతారామరాజుగారి వంశీయుల స్వగ్రామము అదియే. దానికి సమీపముననున్న భీమవరమునందే 1895వ సంవత్సరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించి, అమెరికా పోయి, లోకోపకారకములైన ఔషధములను వెలువరించిరి. సుబ్బారావుగారు పరదేశముననే తమ కృషిని సాగించి అచ్చటనే తనువు చాలింపగా, సాంబశివరావుగారు అమెరికాలో చదివిన చదువును మూటగట్టుకొని స్వదేశమునకు తిరిగివచ్చిరి. ఇరువురిని పోల్చి ఒకరిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. గోదావరి డెల్టా గ్రామసీమలనుండి బయలుదేరిన జ్ఞానతృష్ణ ఎంతెంత దూరములు పోయినదో చెప్పుటయే నా తాత్పర్యము.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. పట్టము నందిన పిమ్మట, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన దినములలో, వారు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్య నభ్యసించిరి. ఆ కాలమున ఆ విశ్వవిద్యాలయమునకు ఇంజనీరింగు శాఖాధ్యక్షుడై యుండిన ఫ్రెడరిక్ టెర్మన్, శిష్యులకు పాఠము చెప్పి పంపుటతో తృప్తిపడక, వారు నేర్చిన విద్యతో ఆ చుట్టుపట్లనే కర్మాగారములు నెలకొల్పుకొనునట్లు ప్రోత్సహించిన ఆచార్యుడు. హ్యూలెట్, పకార్డ్ అను ఇరువురు శిష్యులు 1939వ సంవత్సరముననే ఆయన ప్రోద్బలముతో కొలతపరికరముల వ్యాపారమును ప్రారంభించి యుండిరి. విశ్వవిద్యాలయమునకును కర్మశాలకును నడుమ గోడ లేని ఆ వాతావరణములో చదివిన తెలుగు యువకుడు, ఇరువది యేండ్లకు పైబడిన తరువాత కుషాయిగూడలో ప్రయోగశాలయు కర్మాగారమును కలిసిన సంస్థను నిర్మించుట కేవలము కాకతాళీయమని నేను తలపను.

స్వదేశమునకు వచ్చి వారు అణుశాస్త్రవేత్త హోమీ జహంగీరు భాభాగారి కూటమిలో చేరిరి. 1945వ సంవత్సరమున స్థాపితమైన టాటా మౌలిక పరిశోధనాసంస్థలో విశ్వకిరణములను గూర్చిన పరిశోధన అప్పుడు ముమ్మరముగా సాగుచుండెను. అంతరిక్షము నుండి వచ్చి వాయుమండలమును తాకు ఆ కిరణములను లెక్కించుటకు కావలసిన గణకములు, వర్ధకములు అంగడిలో దొరకునవి కావు. పరిశోధకుడే వాటిని కూర్చుకొనవలెను. భౌతికశాస్త్రము, ఎలక్ట్రానిక్స్ అను రెండు విద్యలు ఒక్క చేతిలో కలిసినగాని ఆ పని సాగదు. రావుగారియందు ఆ రెండును కలిసినవి. భాభాగారు భవనములను ముందుగట్టి తరువాత మనుష్యులను వెదకువారు కారు. తగిన మనుష్యుని చూచి, వాని చుట్టును ఒక శాఖను పెంచువారు. 1954వ సంవత్సరము జనవరిలో బొంబాయి చెంతనున్న ట్రాంబేయందు అణుశక్తి సంస్థ వెలసిన పిమ్మట, అచ్చటి ఎలక్ట్రానిక్స్ శాఖ సాంబశివరావుగారి చుట్టును అట్లే పెరిగినది.

ఆ శాఖకు వచ్చిన తొలి పెద్ద పరీక్ష అప్సర. ఈతకొలను వంటి జలాశయములో యురేనియము ఇంధనమును ముంచి నడపు ఈ అణురియాక్టరు, సోవియట్ దేశమును మినహాయించిన ఆసియాఖండములో మొట్టమొదటిది. 1956వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన అది క్రియాశీలమైనది. ఇంధనము బ్రిటనునుండి వచ్చినది గాని, దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములు ట్రాంబేలో రావుగారి శాఖవారు చేసినవి. ఆ అదుపు ఎట్టిదో చదువరులు ఒక్క క్షణము యోచింపవలెను. రియాక్టరు నిద్రించుచున్నప్పుడు అందలి న్యూట్రానులు వేళ్లమీద లెక్కింపదగినంత స్వల్పముగా నుండును. అది పూర్ణశక్తితో పనిచేయునప్పుడు కోట్ల రెట్లు పెరుగును. పరికరము అంతటి వ్యత్యాసమును తడబాటు లేక కొలువవలెను; కొలుచుటయే గాక, పెరుగుదల హద్దు మీరిన క్షణముననే కాడ్మియపు కడ్డీలు తమంతట తాము జారి క్రిందపడి, న్యూట్రానులను మ్రింగి, క్రియను ఆపివేయునట్లు చేయవలెను. అప్పటి వాల్వుల కాలమున, బొంబాయి సముద్రతీరపు తేమలో, తీగకు తీగ అతికి, ఇంతటి నమ్మకమైన పరికరములను చేసినవారు అంతకుముందు రియాక్టరును కన్నులజూచి ఎరుగని యువకులు! పొరపాటునకు తావులేని పనిని అనుభవములేని చేతులకు అప్పగించి, ఆ చేతులను అనుభవము గలవిగా మార్చుటయే గురుత్వము.

అప్సరకు పిమ్మట 1960లో సైరస్, 1961లో జెర్లీనా రియాక్టరులు వెలసినవి. వాటితోపాటు ఆస్పత్రులకు, విశ్వవిద్యాలయములకు, ఖనిజాన్వేషకులకు కావలసిన అణుపరికరముల గిరాకియు పెరిగినది. ప్రయోగశాల ఒక మూలన రెండో మూడో పరికరములను కూర్చుకొనుట వేరు; వందలకొలది ఒక్క తీరున, ఒక్క నాణ్యముతో చేయుట వేరు. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి విభాగము ఈ రెండవ విద్యను అభ్యసించుటకు ఏర్పడినది, ఇ.సి.ఐ.ఎల్. మహావృక్షమునకు మొలక అదియే.

1962వ సంవత్సరపు చైనా దండయాత్ర మన సైన్యమునకు రేడియోలు, రాడార్ల విషయమున గల కొరతను బట్టబయలు చేసెను. మరుసటి యేట, 1963వ సంవత్సరము ఆగస్టులో, దేశమున ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను అభివృద్ధి చేయు మార్గమును సూచింపుడని ప్రభుత్వము భాభాగారి అధ్యక్షతను ఒక సంఘమును నియమించినది. అందలి సభ్యులు ముగ్గురు: విక్రం సారాభాయి, సూరి భగవంతము, సాంబశివరావు. నలువురిలో ఇరువురు తెలుగువారగుట మనము గర్వించదగిన సంగతి. సంఘపు నివేదిక రూపుదిద్దుకొనుచున్న కాలముననే, 1966వ సంవత్సరము జనవరి 24వ తేదీన, భాభాగారు ప్రయాణించుచున్న విమానము ఆల్ప్స్ పర్వతములలో కూలి, ఆయన మృతినొందిరి. పరిశ్రమను పరదేశపు నకళ్లతో గాక స్వంత పరిశోధనతో కట్టవలెనను సంకల్పము ఆయనతో అంతరింపక నిలిచినదన్నచో, దానిని కార్యరూపమున పెట్టుటకు పూనుకొన్న రావుగారి వంటివారి చలువయే. ట్రాంబే సంస్థకు భాభాగారి పేరు పెట్టిన 1967వ సంవత్సరముననే మన ఇ.సి.ఐ.ఎల్. పుట్టుట గమనింపదగినది.

సంస్థ పుట్టుకలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించిన విశేషమొకటి కలదు. లోకములో తరచుగా ప్రయోగశాలవారు ఒక పరికరమును కనిపెట్టి, దాని పటములను కర్మాగారమునకు పంపి, తాము చేతులు దులుపుకొందురు. పటములు చేరిన చోట వాటిని చదువగలవారు లేక ఆ పరికరము బీరువాలో పండుకొనును. ఇచ్చట అట్లు జరుగలేదు. పరికరమును ఊహించినవారే పటములతోపాటు తాముగూడ బొంబాయినుండి హైదరాబాదునకు తరలివచ్చిరి. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అను అర్థమున టి.డి.సి. అని పేరుగొన్న గణకయంత్రముల కథ ఇందుకు నిదర్శనము. 1969వ సంవత్సరమున ట్రాంబేలో సిద్ధమైన టి.డి.సి.–12 యందలి స్మృతి నాలుగువేల పైచిలుకు పదములకు మాత్రమే చాలునట్టిది. దాని వెనుక టి.డి.సి.–312, టి.డి.సి.–316 అను యంత్రములు ఇ.సి.ఐ.ఎల్.లో జన్మించినవి. దేశమున గణకయంత్రమన్నచో ఓడదిగిన సరుకు అని జనులు భావించుచున్న దినములలో, మన కుషాయిగూడలో రూపొందిన యంత్రములు విశ్వవిద్యాలయములలోను, పరిశోధనాలయములలోను పనిచేసినవి. వాటిమీద గణకవిద్యను నేర్చిన యువకులు తరువాతి కాలమున దేశదేశములకు వ్యాపించిరి.

పల్లెలకు చేరిన కథ మరియొకటి చెప్పవలెను. 1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఎ.టి.ఎస్.–6 ఉపగ్రహమును ఉపయోగించి, ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేసిరి. ఆ గ్రామములలో నిలిపిన టెలివిజను పెట్టెలను చేసిపెట్టినది ఇ.సి.ఐ.ఎల్. వారు. పంచాయతీ కచ్చేరి మీదనో, బడి కప్పుమీదనో పదియడుగుల వ్యాసముగల కోళ్లగూటి తీగవలను గొడుగువలె విప్పి నిలుపగా, అది ఆకాశమునుండి సంకేతమును గ్రహించి క్రింది పెట్టెకు అందించెడిది. విద్యుత్తు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపిరి. విద్యుత్తు ఉన్నచోటను అది ఒక పూట దీపము మినుకుమినుకుమనునంత తగ్గియు, మరొక పూట బల్బు మాడిపోవునంత హెచ్చియు ఉండెడిది. దుమ్ము, ఎండ, వాన సరేసరి. నగరపు సావడిలో మురిపెముగా ఉంచుకొను పెట్టె అచ్చట నాలుగు దినములు నిలువదు. రైతు కూర్చున్న అరుగుముందు, ఆతని మాటలో, సేద్యమును గూర్చియు ఆరోగ్యమును గూర్చియు పలుకుచు ఏడాది పొడుగున నిలువవలసిన యంత్రమును ఆ రైతు బ్రతుకు తెలిసినవాడే చేయగలడు.

మా అల్వాలులో ఇ.సి.ఐ.ఎల్.నందు పనిచేసి విశ్రాంతి గైకొనిన వృద్ధులు అనేకులు కలరు. అందొకరు మా వీధివారే. పొరుగు పిల్లవాడు చెడిపోయిన రేడియోను తెచ్చి ముందుంచినచో, ఆయన కళ్లజోడు సవరించుకొని, కూర్చున్న చోటనే పిల్లవానికి సోల్డరింగు నేర్పుట నేను చూచితిని. "సీసమును కాల్చకు నాయనా, అతుకవలసిన చోటును కాల్చు, చోటు వేడెక్కినచో సీసము తనంతట తానే పారును" అని ఆయన మొదటి పాఠము. చల్లారిన అతుకు వెండి చుక్కవలె నిగనిగలాడినచో అది నిలుచును. బూడిదరంగున మసకగా నున్నచో డ్రై సోల్డరు, పైకి అతికినట్లే కనబడి లోపల విడివడియుండును, ఈనాడు పలుకును, రేపు మూగవోవును. పిల్లవాడు చేసిన అతుకు మసకగా వచ్చినప్పుడు ఆయన తాను పుచ్చుకొని సరిచేయలేదు. ఊడదీసి మరల పిల్లవాని చేతికే సోల్డరింగు కావియను ఇచ్చెను. "మాకు ఫ్యాక్టరీలో ఇట్లే నేర్పినారు" అని ఆయన నాతో అన్నమాట. పెద్దవాడు పనిని తన చేతిలోనికి లాగుకొనక చిన్నవాని చేతిలోనే ఉంచుట ఎంత కష్టమైన నిగ్రహమో, పిల్లలను పెంచిన ప్రతివానికిని తెలియును. ఆ నిగ్రహమును ఒక సంస్థకంతటికిని అలవాటు చేసిన పెద్ద సాంబశివరావుగారు.

ఆ అలవాటు ఫలితము దేశమునకు మరియొక రూపమున దక్కినది. 1977వ సంవత్సరమున ఎన్నికల సంఘమువారికి యంత్రముతో వోటు వేయించు ఆలోచన కలుగగా, దానిని రూపొందించు భారమును ఇ.సి.ఐ.ఎల్. మీద నుంచిరి. 1979లో నమూనా సిద్ధమైనది. 1980వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన రాజకీయపక్షముల వారికి దానిని చూపిరి. 1982వ సంవత్సరము మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గమున ఏబది పోలింగు కేంద్రములలో మొదటిసారి వాడిరి. తరువాత భారత్ ఎలక్ట్రానిక్స్ వారును ఈ పనిలో చేరిరి. అధికారి బల్లమీద ఒక పెట్టె, తెరచాటున వోటరు ముందు ఒక పెట్టె, రెండింటిని కలుపు అయిదు మీటర్ల తీగ, ఒక బ్యాటరీ – ఆ కాలపు యంత్రము చూచుటకు ఇంతియే. విద్యుత్తు లేని అడవిపల్లెలో చదువురాని ముదుసలి సయితము బొమ్మను చూచి మీట నొక్కునట్లు దానిని చేయుటలోనే విద్య అంతయు ఉన్నది. అప్సర కాలమున అలవడిన నమ్మకమైన పనితనమే ఇచ్చటను ప్రత్యక్షమగుచున్నది.

కొరతలను దాచుట సంస్మరణమునకు శోభ కాదు. ఒకానొక కాలమున ఇంటింట వెలసిన, ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీవీ నేడు అంగడిలో కానరాదు. దిగుమతి ద్వారములు తెరచిన పిమ్మట, పరదేశపు విడిభాగములను కూర్చి అమ్మువారి వేగముతో, స్వంతముగా రూపొందించి చేయు సంస్థ పోటీపడజాలకపోయెను. గణకయంత్రముల విషయమునను అట్లే జరిగినది. దీనిని చూపి స్వయంకృషి మార్గమే తప్పని వాదించువారు కలరు. నేను ఆ వాదము నంగీకరింపను. అణువిద్యుత్కేంద్రముల నియంత్రణ పరికరములు, ఉపగ్రహ కేంద్రముల ఆంటెనాలు, రక్షణకు సంబంధించిన వ్యవస్థలు – ఎవ్వరును అమ్మనివి, అమ్మినను వెల చెల్లింపలేనివి – ఆవశ్యకమైనప్పుడు మన చేతిలో ఉండుటకు కారణము, ఆ కాలమున ఆ మార్గమున నడచిన మనుష్యులు మనకు ఉండుటయే. చర్లపల్లి, మల్లాపూరు, నాచారము పారిశ్రామికవాడలలోని చిన్న కర్మశాలలలో ఈ పనితనము తెలిసిన చేతులు నేటికిని పనిచేయుచున్నవి. అంగడిలో ఓడిన వస్తువును మరల చేయవచ్చును. చేయగల మనుష్యులు లేకపోయిన దేశమునకు వస్తువు వెలకైనను నిలుకడగా లభింపదు.

రావుగారికి 1965వ సంవత్సరమున ఇంజనీరింగు శాస్త్రములలో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానమును, 1972వ సంవత్సరమున పద్మభూషణ బిరుదమును లభించినవి. 2003వ సంవత్సరమున వారు దివంగతులైరి. సంస్థకు చేరువను వెలసిన ఎ.ఎస్. రావు నగరు వారి పేరిట నిలిచియున్నది. ఆ కాలనీలో నేడు నగల దుకాణములు, వస్త్రాలయములు, భోజనశాలలు వెలుగులు చిమ్ముచుండ, చిరునామా వ్రాయునప్పుడు దినమునకు వేలమంది ఆ పేరును వ్రాయుదురు. ఆ పేరు గలవాడెవ్వరని పిల్లలనడిగినచో బదులు చెప్పువారు అరుదు. 2016వ సంవత్సరమున మన మేడ్చలు ప్రత్యేక జిల్లాయైనది. క్రొత్త జిల్లా తన పిల్లలకు చెప్పవలసిన మొదటి కథలలో ఇది యొకటి కావలెను.

కావున ఇ.సి.ఐ.ఎల్. విశ్రాంతోద్యోగులకు, మన ప్రాంతపు పాఠశాలల ఉపాధ్యాయులకు నాది ఒక్క మనవి. అల్వాలు, మచ్చబొల్లారము, యాప్రాలు, కాప్రా, శామీరుపేట, మేడ్చలు – ఏ ఊరి ప్రభుత్వ పాఠశాలనైనను ఒక్కదానిని, విశ్రాంతోద్యోగులారా, మీలో నలుగురైదుగురు కలిసి చేపట్టుడు. వారమునకొక పూట పోయి, ఒక బల్ల, రెండు సోల్డరింగు కావియలు, ఒక కొలతమీటరు, చెడిపోయిన నాలుగు రేడియోలు పిల్లల ముందుంచుడు. ఉపన్యాసము లక్కరలేదు. ఉపాధ్యాయులారా, వారికి ఒక గదిని, పిల్లలకు ఆ ఒక్క పూటను కేటాయింపుడు. పిల్లవాని అతుకు చెడినచో పెద్దలు సరిచేయక, మరల వానిచేతనే చేయింపుడు. సాంబశివరావుగారికి మనము చేయగల సంస్మరణ ఇంతకంటె వేరొండు లేదు.